గండికోటకి ఈత నేర్చుకుని వెళ్ళాం

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఎవరూ చచ్చిపోరు. కాని ఒకానొక మిట్టమధ్యాహ్నం బండరాళ్ళ మీద కూర్చుని ఓ పదిమంది నన్ను చంపేద్దామనుకున్న మాట మాత్రం వాస్తవం. ఆ పదిమందిలో ఒకావిడ తరవాత నా భార్య అయింది. ఆ ఆలోచన ఆవిడ పూర్తిగా మానుకుందని నాకిప్పటికీ నమ్మకం లేదు.

అప్పట్లో నేను బందరులో ఒక హైస్కూల్లో జాగ్రఫీ మాస్టారిని. మాది పమిడిముక్కల. పుట్టి బుద్ధెరిగాక నేనెక్కిన ఎత్తయిన ప్రదేశం మా గడ్డివామి. బెజవాడ కొండల్ని రైల్లోంచి చూశాను గాని, అవి వెనక్కి పరిగెడుతుండటం వల్ల సరిగ్గా పరిచయం కాలేదు. అలాంటి నేను పర్వతాలు, పీఠభూములు, లోయలు, అగాధాలు, అన్నీ పాఠం చెప్పేవాణ్ణి. తడుముకోకుండా చెప్పేవాణ్ణి. చూసి ఉంటే తడుముకునేవాణ్ణేమో!

ప్రతి ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక ఇశ్రాయేలు మాస్టారింటికి కాఫీకి వెళ్ళడం నాకలవాటు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, మా సంఘంలో పెద్ద. కాఫీ బాగుంటుందని వెళ్ళేవాణ్ణనుకుంటే మీరు అమాయకులు. వాళ్ళమ్మాయి సుగుణ టీచరు ట్రెయినింగు పూర్తి చేసి ఇంటిపట్టునే ఉండేది. కాఫీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టేది. ఆ పెట్టడంలోనే నాకు సకల సద్గుణాలూ కనిపించేవి.

ఇశ్రాయేలు మాస్టారి గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఆయన జీవితంలో అబద్ధం ఆడలేదు. ఒకసారి ఇన్‌స్పెక్టరు గారు బడి తనిఖీకి వచ్చి, "హాజరు బాగుందండీ" అని మెచ్చుకుంటే, ఈయన లేచి నిలబడి, "వెనక బెంచీల వాళ్ళు మావాళ్ళు కారండీ. మా అసిస్టెంటు పక్క బడి నుంచి పట్టుకొచ్చాడు" అన్నారట. ఆ అసిస్టెంటు మళ్ళీ ఆయన మొహం చూడలేదు. అంత నిజాయితీ మనిషితో మాట్లాడాలంటే, 'బాగున్నారా' అని అడగడానికి కూడా భయమేసేది. నిజంగా ఎలా ఉన్నారో మొత్తం చెప్పేవారు.

వాళ్ళ సావిట్లో ఒక కేలండరు వేలాడుతుండేది. ఎవరో అమెరికా దొరగారు ఇచ్చి వెళ్ళింది. ఏడాది ఎప్పుడో అయిపోయినా, బొమ్మ బాగుందని తియ్యలేదు. ఆ బొమ్మలో గ్రాండ్ కాన్యన్. ఎర్రటి రాళ్ళు పొరలు పొరలుగా పేర్చినట్టుండి, మధ్యలో భూమి నోరు తెరుచుకుని, అడుగున దారప్పోగంత ఏరు.

"ఏమోయ్ ప్రకాశం," అన్నారు మాస్టారు ఒక ఆదివారం, "దేవుడు చేతులారా చెక్కిన పని ఇది. చచ్చేలోగా ఒక్కసారి చూడాలోయ్."

"అంతేనండీ," అన్నాను. ఆయనేం చెప్పినా 'అంతేనండీ' అనడం నాకలవాటైపోయింది.

"మన బందరు రేవు నుంచి ఓడలుండవూ?"

"రేవు పూడిపోయి చాలా కాలమైందండీ. మద్రాసు వెళ్ళాలి."

"అయితే మద్రాసే వెళ్దాం. ఓడలో ఎన్నాళ్ళు పడుతుంది?"

వంటింట్లోంచి ఆయన భార్య రాహేలమ్మ గారి గొంతు వినిపించింది. "అమెరికా సంగతి తరవాత. పన్ను పీకించుకోడానికి బెజవాడ వెళ్ళమంటే, దూరాభారం అని పోయిన ఈస్టరు నుంచి వాయిదా వేస్తున్నారు!"

అయినా ఆ సాయంత్రమంతా మేం అమెరికా ప్రయాణం వేసుకున్నాం. దీపం పెట్టేవేళకి మద్రాసు దాటి సముద్రంలో పడ్డాం. ఓడ ఊగితే ఆవకాయ జాడీ ఒలికిపోతుందేమో అని మాస్టారు, అక్కడ చింతపండు దొరక్కపోతే చారెలాగ అని రాహేలమ్మ గారు ఆలోచనలో పడ్డారు. జాడీ దగ్గర ఓడ ఆగిపోయింది. మాస్టారి మొహం చిన్నబోయింది. ఆ మొహం చూసి నాకు ఆవేశమొచ్చింది. గుమ్మం దగ్గర సుగుణ నిలబడి వింటోందని కూడా మీరు గమనించాలి.

"అమెరికా దాకా ఎందుకండీ!" అన్నాను. "అలాంటిదే మన కడప జిల్లాలో ఉంది. గండికోట. పెన్నేరు కొండని కోసుకుంటూ పోయింది. నేను తీసుకెళ్తాను."

"నువ్వు చూశావా?"

"పాఠం చెబుతానండీ," అన్నాను హుందాగా.

మాస్టారు నన్ను తేరిపార చూశారు. అప్పటికే నా మిత్రుడు వీరాస్వామి నా తరఫున ఆయన చెవిన ఒక మాట వేసి ఉన్నాడు. వీరాస్వామిది నాగాయలంక. వాళ్ళది చేపల వ్యాపారం. బందరులో మేమిద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం. వాడు వేసిన మాట ఏమిటంటే, 'మా ప్రకాశానికి మీ అమ్మాయిని ఇస్తారా' అని.

"సరే," అన్నారు మాస్టారు. "దసరా సెలవులకి వెళ్దాం. మన సంఘం కుర్రాళ్ళని కూడా రమ్మను. ఏర్పాట్లన్నీ నువ్వే చూడు. అందరినీ క్షేమంగా తీసుకెళ్ళి, క్షేమంగా తీసుకొచ్చావంటే, ఆ రెండో విషయం మాట్లాడదాం. నీకు ముందుచూపు ఎంతుందో నాకూ తెలియాలి కదా!"

రెండో విషయం అనగానే గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి మాయమైంది. నేను గాల్లో తేలుతూ గదికొచ్చాను.

ముందుచూపు! నా దగ్గర అది పుట్లకొద్దీ ఉందనుకున్నాను. ఉంది కూడా. కాకపోతే అదంతా ఒకే దిక్కుకి చూసేది.

మరునాడే వీరాస్వామీ, నేనూ కూర్చుని ప్రయాణపు ప్రమాదాలన్నీ తలుచుకోవడం మొదలుపెట్టాం. మాది డెల్టా. మాకు తెలిసిన కష్టాలన్నీ నీళ్ళతో వచ్చేవే. వాన, వరద, బురద, జలగ, దోమ. కష్టం అంటే ఇంకోరకం కూడా ఉంటుందని మాకెవరూ చెప్పలేదు.

"బావా, ఏరన్నాక జలగలుంటాయి," అన్నాడు వీరాస్వామి.

"ఉప్పు తీసుకెళ్దాం. సంచీడు."

"దోమలు?"

"దోమతెరలు."

"వాన పడితే?"

"టార్పాలిను. గొడుగులు."

"ఏట్లో చేపలుంటాయి కదా బావా. విసురు వల పట్టుకొస్తాను. ఒడ్డునే పులుసు పెట్టేసుకుందాం."

"పట్టుకురా! బియ్యం, గిన్నెలు నేను చూస్తాను. అక్కడే అన్నం వండుకుందాం."

ఆ తరవాత నాకు అసలైన ఆలోచన వచ్చింది. ఏటి ఒడ్డుకి వెళ్తున్నాం. పెద్దవాళ్ళున్నారు. ఎవరైనా కాలు జారితే? రెండో విషయం కూడా ఆ ఏట్లోనే కొట్టుకుపోదూ? కాబట్టి వచ్చేవాళ్ళందరికీ ఈత రావాలి. ఇది నా షరతు. కుర్రాళ్ళకి వచ్చు. ఇశ్రాయేలు మాస్టారికి రాదు!

మా వైపు ఈత నేర్పాలంటే ఎండిన సొరకాయ బుర్రలు రెండు తాడుకి కట్టి, ఆ తాడు నడుముకి బిగిస్తారు. లోపల బోలుగా ఉంటుంది కాబట్టి మనిషి మునగడు. వీరాస్వామి నాగాయలంక నుంచి బుర్రలు తెప్పించాడు. మాస్టారు మొదట ససేమిరా అన్నారు. "ఆపదకి సిద్ధపడటమే కదండీ ముందుచూపు," అన్నాను. ఆయన మాట ఆయనకే అప్పజెప్పేసరికి కాదనలేకపోయారు.

పొద్దున్నే కాలువ రేవులో పాఠం మొదలైంది. తెల్ల పంచె గోచీ పోసి కట్టి, నడుముకి బుర్రలతో, భయం పోవడానికి గట్టిగా కీర్తన పాడుతూ మాస్టారు నీళ్ళల్లోకి దిగారు. ఒక పక్క నేను, ఒక పక్క వీరాస్వామి పట్టుకున్నాం. గట్టు మీద వెళ్ళే జనం ఆగిపోయారు.

"ఏవండోయ్, మాస్టారికి మళ్ళీ బాప్తిస్మం ఇస్తున్నారేవిటి?" అన్నాడొకాయన.

"కాదు బాబూ," అన్నారు మాస్టారు నీళ్ళల్లోంచే, చేతులు కొట్టుకుంటూ. "నేను గండికోట వెళ్తున్నాను. అది కడప జిల్లాలో ఉంది. అక్కడ పెన్నా నది..." ఆయనకి అర్ధసత్యం చెప్పడం కూడా రాదు కదా! మొత్తం చెప్పేలోగా నోట్లోకి నీళ్ళు పోయాయి. అయినా దగ్గు తగ్గాక మిగతాది చెప్పారు. ఆ రోజు నుంచి రేవు దగ్గర రద్దీ పెరిగిపోయింది. బాప్తిస్మం పుకారు మాత్రం తగ్గలేదు. పాస్టరుగారు స్వయంగా వచ్చి, "ఏం మాస్టారూ, మొదటిది సరిగ్గా అంటలేదా?" అని నవ్వి వెళ్ళారు.

దసరాకి ముందు ఆదివారం మాస్టారింట్లో ఆఖరి సమావేశం. నేను సన్నాహాలన్నీ వివరించాను. అందరూ తలలూపారు. అప్పుడు సుగుణ కేలండరు దగ్గరికి వెళ్ళి నిలబడి, "ప్రకాశం గారూ, ఒక సందేహం," అంది.

నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆ ఆనందంలో సందేహం సగమే వినిపించింది.

"ఈ బొమ్మలో ఏరు ఎక్కడో అడుగున ఉంది కదండీ. మనం పైన ఉంటాం. మరి నీళ్ళు ఎలా అందుకుంటాం?"

"బొమ్మ చిన్నది కదండీ. అందుకని అలా కనిపిస్తుంది," అన్నాను.

"ఏరు దారంలా ఉందండీ!"

"సుగుణ గారూ, ఏరు ఎంత కిందుంటే మాత్రం, దానికి రేవుంటుంది కదా? రేవుకి మెట్లుంటాయి. దిగుతాం. రేవు లేని ఏరు ఎక్కడైనా ఉంటుందా?"

వీరాస్వామి, "భలేవారే, రేవు లేకపోతే అదేం ఏరండీ!" అని నవ్వాడు. కుర్రాళ్ళూ నవ్వారు. కృష్ణలో పుట్టి, కాలువల్లో ఈదినవాళ్ళం. ఇంటి వెనక రేవు, గుడి ముందు రేవు, బడి పక్కన రేవు. మా ఊహలో దేవుడు ముందు మెట్లు కట్టి, తరవాత ఏరు వదిలాడు. సుగుణ ఒక్కతే నవ్వలేదు. ఆ నవ్వకపోవడాన్ని నేను అణకువ అనుకున్నాను.

ప్రయాణం రోజు మా దండు బందరు స్టేషన్లో రైలెక్కింది. టార్పాలిను చుట్ట, దోమతెరలు, వల, ఉప్పు సంచి, గొడుగుల కట్ట, వీటన్నిటి మీదా మకుటంలాగా సొరకాయ బుర్రలు. గుడివాడలో రైలాగితే ప్లాట్‌ఫారం మీది జనం బుర్రలు చూసి కిటికీల దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

"ఎక్కడండీ వరద?" అని ఒక పెద్దాయన ఆదుర్దాగా అడిగాడు. "మా వియ్యంకులది కృత్తివెన్ను. అటు ఏమైనా..."

"వరద లేదండీ, విహారయాత్ర," అన్నాను.

ఆయన నన్నూ, బుర్రలనీ మార్చి మార్చి చూసి, పక్కాయన చెవిలో ఏదో చెప్పాడు. రైలు కదిలేదాకా ఇద్దరూ మమ్మల్ని జాలిగా చూస్తూనే ఉన్నారు.

బెజవాడలో రైలు మారాం. నంద్యాలలో దిగి, బస్సుల్లో ఊగి ఊగి జమ్మలమడుగు చేరేసరికి మా ఎముకలన్నీ చోటు మారాయి. ఆ రాత్రికి సత్రంలో పడుకుని, పొద్దున్నే గండికోటకి రెండెడ్ల బళ్ళు మాట్లాడాం.

ఇదిగో, నా బతుకు బుగ్గయింది ఇక్కడే. జాగ్రత్తగా వినండి.

బళ్ళలో సామాను సర్దుతుంటే రాహేలమ్మ గారు పెద్ద పెద్ద ఇత్తడి మరచెంబులు పట్టుకొచ్చారు. మూత తిప్పి బిగిస్తే చుక్క కారదు. సత్రం బావిలోంచి నిండా నింపారు.

"బాబూ ప్రకాశం, ఇవి ఎక్కడ పెట్టమంటావు?"

బళ్ళల్లో అంగుళం ఖాళీ లేదు. ఉప్పు తీద్దామంటే జలగలు. టార్పాలిను తీద్దామంటే వాన. బుర్రలు తీద్దామంటే మాస్టారి ప్రాణం.

"అమ్మగారూ, ఏటి దగ్గరికి వెళ్తూ నీళ్ళు మోసుకెళ్తే చూసినవాళ్ళు నవ్వుతారండీ," అన్నాను.

"దారిలో దాహమైతేనో?"

"చేరేదాకా ఓర్చుకుంటే చాలండీ. ఆ తరవాత కావలసినన్ని!"

ఆవిడ మాస్టారి వైపు చూశారు. "ఏర్పాట్లు అబ్బాయివి. అబ్బాయి చెప్పినట్టే కానీ," అన్నారాయన. నిండు మరచెంబుల్ని నా చేతుల్తో నేనే మోసుకెళ్ళి సత్రం కాపలాదారుకి అప్పజెప్పాను. జాగ్రత్తగా చూడమని కూడా చెప్పాను!

దారి పొడుగునా ఎర్రమట్టి, రాళ్ళు, ముళ్ళకంపలు. కాలువ కనిపించదు. చెరువు కనిపించదు. అక్టోబరు నెలలో మా ఊళ్ళో ఆకాశం గొడుగు కిందికి దిగి ఉంటుంది. ఇక్కడ మబ్బు తునక లేదు. బండి తోలే ఆయన వెనక్కి తిరిగి, మాస్టారి ఒళ్ళో ఉన్న బుర్రల్ని చూసి తల పంకించాడు.

"నీళ్ళు బాగనే పెట్టుకోనుండారే సామీ! తెలివైనోళ్ళు."

ఏట్లో దిగడానికి సిద్ధపడి వచ్చామని మెచ్చుకుంటున్నాడనుకున్నాను. "నీళ్ళకేం తక్కువలే!" అన్నాను గర్వంగా. ఆయన నిశ్చింతగా మమ్మల్ని లోయ అంచున దింపి, ఊరు అటుందని చెయ్యి చూపించి, పొద్దువాలాక వస్తానని బళ్ళు తోలుకుపోయాడు.

నాలుగడుగులు వేసి అంచుకి వచ్చాం. అందరం ఒక్కసారే ఆగిపోయాం.

ఎగతాళి కాసేపు పక్కన పెడతాను. ఆ క్షణం గురించి ఎగతాళిగా రాయడం నాకు చేతకాదు. మా కాళ్ళ ముందు నేల అయిపోయింది. ఎర్రటి రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఎవరో కూర్చుని పేర్చినట్టు కిందికి, ఇంకా కిందికి దిగిపోయాయి. అవతలి గోడా అంతే. అట్టడుగున ఎవరో ఉతికి ఆరేసి మరిచిపోయిన పంచెలాగ పెన్నేరు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. పుట్టిందగ్గర్నించీ బల్లపరుపు నేల మీద బతికినవాళ్ళం. భూమికి ఇంత లోతుంటుందని మాకెవరికీ తెలియదు. జాగ్రఫీ మాస్టారికి అసలే తెలియదు. ఇశ్రాయేలు మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. చెంపల మీద నీళ్ళు. "చూపించావోయ్ ప్రకాశం," అన్నారు మెల్లిగా. నా జన్మ ధన్యమైందనుకున్నాను.

ఆ ధన్యత ఫలహారం అయ్యేదాకా ఉంది. అన్నం వండేలోగా ఆకలాగడానికి వీరాస్వామి నాగాయలంక నుంచి తెచ్చిన ఉప్పుచేప వేపుడు పొట్లం విప్పాడు. కరకరలాడుతూ అమృతంలా ఉంది. అందరూ పోటీపడి తిన్నారు. తిన్నాక, సహజంగా, అందరూ నా వైపు చూశారు.

"ప్రకాశం గారూ," అంది సుగుణ, ఎంతో మర్యాదగా. "రేవెక్కడండీ?"

అంచు వెంబడి అటు పరిగెత్తాను. ఇటు పరిగెత్తాను. మెట్లు కాదు గదా, మేక దిగే దారి కూడా కనిపించలేదు. కిందేమో నీళ్ళు ఎండలో తళతళలాడుతూ పోతున్నాయి. మా ఊరి కాలువకైనా అంత మెరుపు ఉండదు.

"కంగారు పడకు బావా, నేనున్నాగా," అని వీరాస్వామి వల తాడుకి టార్పాలిను తాడు, దానికి దోమతెర తాళ్ళు, గొడుగుల కట్ట విప్పి ఆ తాడు ముడేశాడు. చివర అన్నం గిన్నె కట్టి అంచు నుంచి కిందికి వదిలాడు. తాడు అయిపోయింది. గిన్నె ఇంకా పైపైనే, రాతిగోడకి కొట్టుకుంటూ గంటలా మోగుతోంది. "ఇంకొంచెం వంగితే..." అని వీరాస్వామి వంగబోతే రాహేలమ్మ గారు కెవ్వున అరిచి వాడి చొక్కా పట్టుకుని లాగారు. వాడు తాడు వదిలేశాడు. గిన్నె, తాళ్ళు, వల, అన్నీ పోయాయి. కింద పడ్డ చప్పుడైనా మాకు వినిపించలేదు.

"పోనీలెండి, గిన్నెకైనా నీళ్ళు దొరికాయి," అంది సుగుణ.

కుర్రాళ్ళు బండల నీడన చతికిలపడ్డారు. అంచు మీంచి కిందికి తోసేద్దామా అన్నట్టు అందరూ నాకేసి చూశారు. రాహేలమ్మ గారు కొంగు మొహం మీద వేసుకుని, "మరచెంబులు... నిండా నింపానే..." అని గొణుగుతున్నారు. నా రెండో విషయం ఆ గిన్నె వెనకాలే వెళ్ళిపోవడం నాకు కళ్ళారా కనిపించింది.

"ఊళ్ళోకి వెళ్ళి తెస్తాను," అన్నాను. నాలుక అంగిలికి అతుక్కుపోతోంది.

"నేనూ వస్తాను పద," అని మాస్టారు లేచారు. ఏటి ఒడ్డు కదా అని బండి దిగగానే నడుముకి కట్టుకున్న బుర్రలు ఆయన ఇంకా విప్పలేదు. ముందు ఆయన, ఆయన నడుము మీద బుర్రలు టకటకా కొట్టుకుంటూ, వెనకాల తలొంచుకుని నేను.

కొంత దూరం వెళ్ళేసరికి ఒక చెట్టు కింద మేకలు కాచుకునే ముసలమ్మ కూర్చుని ఉంది. చేతిలో ఏముందనుకున్నారు? సొరకాయ బుర్ర! దాని మూతి కోసి, చెక్క బిరడా పెట్టి ఉంది. బిరడా తీసి వంచితే లోపలి నుంచి చల్లటి నీళ్ళు. నాకు బండి ఆయన మాట అప్పుడర్థమైంది. మేం నీళ్ళ మీద తేలడానికి వాడే బుర్రని ఆ సీమవాళ్ళు నీళ్ళు మోసుకెళ్ళడానికి వాడతారు.

"అమ్మా, కాసిని నీళ్ళు..." అన్నారు మాస్టారు.

ఆవిడ ఆయన్ని కింద నుంచి పైకి చూసింది. "నడుముకి రెండు బుర్రలు కట్టుకోని నన్నడుగుతావేం నాయనా?"

లేచి ఒక బుర్ర పట్టుకుని ఊపింది. గింజలు గలగలలాడాయి. రెండోది ఊపింది. అదీ అంతే.

"అయ్యో అయ్యో! మూతి గూడా కోయలేదే! నీళ్ళు పోసే రాతే లేకపాయెనే ఈటికి!" అని తన బుర్ర మా దోసిళ్ళలో వంచింది. మేం తాగిన తీరు ఇక్కడ రాయను. చూసిన ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"యా ఊరు నాయనా మీది?"

"చాలా దూరమమ్మా," అన్నారు మాస్టారు.

"మీ సీమలో నీళ్ళ కరువా?"

నేను మాస్టారి వైపు చూశాను. కృష్ణా డెల్టా మనిషి. ఇంటి చుట్టూ కాలువలు. ఏడాదికోసారి వరదొచ్చి గుమ్మంలో నిలబడి పలకరించి పోయే ఊరు. జీవితంలో అబద్ధమాడని మనిషి. ఉన్నమాట చెబితే, నీళ్ళల్లో పుట్టిన పెద్దమనిషి ఉత్త బుర్రలు కట్టుకుని మేకలు కాచే ముసలమ్మ ముందు దోసిలి పట్టాడని తేలుతుంది. ఎర్రటి నేలకేసి చూశారు. ఆకాశంకేసి చూశారు. అక్కణ్ణించి సహాయమేమీ రాలేదు.

"అవునమ్మా," అన్నారు మాస్టారు. "కరువే. చాలా కరువు."

"పాపం బిడ్డలు! ఆ ఊళ్ళో ఏం బతుకుతారు? పిల్లాజెల్లా అందురూ మా ఊరికి వచ్చి ఉండిపోండి నాయనా. మా బాయిలో నీళ్ళుండాయి. తాగినన్ని తాగండి!"

అంతటితో ఊరుకోలేదు ఆ తల్లి. ఇంటికెళ్ళి పెద్ద బిందెడు నీళ్ళు తెచ్చి, నేను మోస్తానన్నా ఇవ్వకుండా, నెత్తిన పెట్టుకుని మాతో బయల్దేరింది. దారిలో ఒక్కసారి మాస్టారు, "ప్రకాశం, నేను..." అని ఆగిపోయారు.

నీళ్ళు చూడగానే అందరూ లేచి కూర్చున్నారు. ముసలమ్మ మొదట రాహేలమ్మ గారి దోసిట్లో పోస్తూ, "తాగు తల్లీ, తాగు. మీ ఊర్లో నీళ్ళు దొరకవంట గదా. ఈ పెద్దాయనే చెప్పినాడు," అంది.

రాహేలమ్మ గారు తాగడం ఆపేశారు. "ఏవిటీ? మన ఊళ్ళో నీళ్ళు దొరకవని చెప్పారా? మీరా?"

కుర్రాళ్ళందరూ మాస్టారి వైపు తిరిగారు. ఇన్‌స్పెక్టరు ముందు తొణకని మనిషి, ఇప్పుడు నడుము మీది బుర్రల్ని రెండు చేతులా పట్టుకుని బిక్కచచ్చిపోయి నిలబడ్డారు. ఆ ప్రయాణం మొత్తంలో నా బుర్ర పని చేసింది ఆ ఒక్క క్షణమే.

"నిజమే కదండీ అమ్మగారూ!" అన్నాను గబుక్కున. "సముద్రం పక్కనుంటాం. మన బందరులో బావి ఎక్కడ తవ్వినా ఉప్పనీళ్ళే కదండీ? మంచినీళ్ళకి మనం ఎంత అవస్థ పడతాం! బావినీళ్ళ సంగతే మాస్టారు చెప్పింది."

రాహేలమ్మ గారు ఆలోచించి, "అదీ నిజమేలే. మన పెరట్లో బావి నోట పెట్టనిస్తుందా?" అని మళ్ళీ దోసిలి పట్టారు.

మాస్టారి మొహం చూడాలి మీరు! పోయిన ప్రాణం లేచొచ్చింది. "అవును! ఉప్పనీళ్ళే! బందరు బావుల్లో ఉప్పనీళ్ళే!" అని అడక్కపోయినా అందరికీ చెప్పడం మొదలుపెట్టారు. ముసలమ్మ అదీ విని, "ఉన్న కాసిని గూడా ఉప్పగానా!" అని ఇంకాస్త బాధపడింది. మా ఉప్పు సంచి ఆవిడకే ఇచ్చేశాం. ఒక్క జలగైనా కనిపిస్తే ఒట్టు.

తిరుగు ప్రయాణంలో మరచెంబులు నా ఒళ్ళోనే ఉన్నాయి. ఎవరికి దాహమేసినా నేనే మూత విప్పి పోశాను. సుగుణ అవసరానికి మించి అడిగిందని నా అనుమానం. గుడివాడ దాటాక అందరూ కునుకు తీస్తుంటే మాస్టారు నా పక్కకి జరిగారు.

"ముందుచూపు నీకు సున్నా," అన్నారు.

"అంతేనండీ."

"కాని నా నోటి వెంట వచ్చిన అబద్ధాన్ని నువ్వు నిజం చేశావు. నేను దేవుడితో చెప్పుకోగలిగినంత నిజం చేశావు. ఆ రెండో విషయం..." అని కిటికీలోంచి పొలాల్లో నిండుగా నిలిచిన నీళ్ళకేసి కాసేపు చూశారు. "ముందుచూపు మా అమ్మాయికి బోలెడుంది. ఇద్దరికీ సరిపోతుందిలే. కానీ ఆ ముసలమ్మతో నేనన్న మాట..."

"నా నోట రాదండీ."

రాలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ రాలేదు. మా పెళ్ళికి యాత్రకొచ్చిన వాళ్ళందరూ కూడబలుక్కుని తలా ఒక మరచెంబు బహుమతిగా తెచ్చినప్పుడు కూడా, ఆయన పడీపడీ నవ్వుతుంటే, నేను నోరు విప్పలేదు. ఇప్పుడాయన ప్రభువు దగ్గర ఉన్నారు. అక్కడ ఆ సంగతి ఆయనే స్వయంగా, మొత్తం చెప్పేసి ఉంటారు. కాబట్టి నేను రాసినా తప్పులేదనుకుంటాను. ఆయన నాకు చాలా ఇష్టమైన మనిషి. ఆయన పాడిన కీర్తన వినిపిస్తే ఇప్పటికీ నాకు సొరకాయ బుర్రలు గుర్తొస్తాయి, నవ్వొస్తుంది, తరవాత నవ్వు ఆగిపోతుంది.

ఇందుమూలముగా సమస్త జనులకూ నేను చేయు ప్రమాణమేమనగా, ఇకమీదట ఏటికి గాని, కోటకి గాని, సముద్రానికే గాని, నిండు మరచెంబు చేత లేకుండా ఈ గడప దాటను. ఏ ఏటికైనా రేవుంటుందని నా నోటితో అనను. దీనికి బందరు కాలువా, ఉప్పనీళ్ళ బావీ సాక్షులు.

ఇంతవరకూ రాసి, మా ఆవిడకి చదవమని ఇచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని కాలువలో స్నానానికి బయల్దేరాను. వెనకనుంచి పిలిచింది. చదువుతూ నవ్విందో ఏడ్చిందో, కళ్ళు తుడుచుకుంటోంది. రెండో చేతిలో నిండు మరచెంబు.

"కాలువకే సుగుణా!" అన్నాను.

"రేవుందో లేదో కనుక్కున్నారా?" అంది.

వెనక్కొచ్చి మరచెంబు అందుకున్నాను.